స్కానర్ ‘సెన్సార్’ అంటే సెన్సారే పోయినట్టా? డీజిల్ కారు పొగగొట్టంలోని వేడి లెక్కలు

డ్యాష్‌బోర్డు మీద పసుపుపచ్చ ఇంజిన్ దీపం వెలిగింది. మర్నాటికి పికప్ తగ్గింది. వర్క్‌షాపులో స్కానర్ పెడితే ‘పీ2033’ అని కోడ్ వచ్చింది, పక్కనే ‘ఎగ్జాస్ట్ ఉష్ణోగ్రత సెన్సార్’ అన్న మాటా కనిపించింది. సెన్సార్ పోయింది, మార్చాలన్నారు. మార్చారు. వారం తిరక్కుండానే అదే దీపం, అదే కోడ్. ఈసారి ‘డీపీఎఫ్ పోయినట్టుంది’ అన్నారు. డీపీఎఫ్ అంటే పొగలోని మసిని పట్టే జల్లెడ, దాని ధర సెన్సార్ ధరకు ఎన్నో రెట్లు.

బీఎస్6 (భారత్ స్టేజ్ 6 కాలుష్య ప్రమాణాల) డీజిల్ కార్లు ఒక్కొక్కటిగా వారంటీ గడువు దాటుతున్న కొద్దీ ఇలాంటి కథలు పెరుగుతున్నాయి. ఇందులో ఎవరూ మోసం చేసి ఉండకపోవచ్చు. చిక్కంతా ఆ కోడ్‌ను చదివిన తీరులోనే ఉంది. ఎక్కడి నుంచి వచ్చిన సంకేతం తనకు నమ్మబుద్ధి కావడం లేదో ఇంజిన్‌ను నడిపించే కంప్యూటర్ చెబుతుంది. దోషి ఎవరో తేల్చే పని మనిషిదే.

పొగగొట్టంలోకి థర్మామీటర్లు ఎందుకు వచ్చాయి

మన దేశం బీఎస్5ను వదిలేసి, 2020 ఏప్రిల్ 1న బీఎస్4 నుంచి నేరుగా బీఎస్6లోకి దూకింది. డీజిల్ కారు కిలోమీటరుకు వదలదగిన మసి కణాల పరిమితి 0.025 గ్రాముల నుంచి 0.0045 గ్రాములకు పడిపోయింది. నైట్రోజన్ ఆక్సైడ్ల పరిమితి 0.25 గ్రాముల నుంచి 0.08కి దిగింది. బంకులో పోసే డీజిల్‌లో గంధకం కూడా పది లక్షల భాగాలకు 50 నుంచి 10కి తగ్గింది. గంధకం ఎక్కువగా ఉంటే పొగగొట్టంలోని ఉత్ప్రేరకాలు త్వరగా దెబ్బతింటాయి కాబట్టి ఇంధనం మారకుండా ఈ పరికరాలు బతకవు. ఈ మార్పునకు అయ్యే ఖర్చు చూసి మారుతీ సుజుకీ వంటి సంస్థ డీజిల్ కార్లకే స్వస్తి చెప్పింది.

మసిని ఇంత తక్కువకు దించే పని డీపీఎఫ్‌ది. డీజిల్ పార్టిక్యులేట్ ఫిల్టర్ అన్న పేరుకు అది పొట్టిరూపం. తేనెపట్టులాంటి పింగాణీ దిమ్మను ఊహించుకోండి. ఒక గది ముందువైపు తెరిచి, వెనక మూసి ఉంటుంది. దాని పక్క గది వెనక తెరిచి, ముందు మూసి ఉంటుంది. పొగ ముందునుంచి ఒక గదిలోకి దూరి, గోడలోని సన్నని రంధ్రాల గుండా పక్క గదిలోకి వడబోసుకుని బయటపడుతుంది. మసి గోడకు అంటుకుని మిగిలిపోతుంది.

జల్లెడ నిండితే దులపాలి. డీపీఎఫ్‌ను దులపడమంటే లోపలి మసిని కాల్చడమే, దీన్నే రీజెనరేషన్ అంటారు. మసి చురుగ్గా కాలాలంటే 550 నుంచి 650 డిగ్రీల సెల్సియస్ వేడి కావాలి. అమీర్‌పేట ట్రాఫిక్‌లో పాకే కారు పొగలో అందులో సగం వేడి కూడా ఉండదు. అందుకని కంప్యూటర్ ఒక ఉపాయం చేస్తుంది. పిస్టన్‌ను నెట్టే దహనం అయిపోయాక, బాగా ఆలస్యంగా మరికొంచెం డీజిల్‌ను సిలిండర్‌లోకి చిమ్ముతుంది. అది అక్కడ పూర్తిగా కాలకుండా పొగతో పాటు వెళ్లి, డీపీఎఫ్‌కు ముందున్న ఆక్సీకరణ కేటలిస్టు (ఉత్ప్రేరకం) మీద మండుతుంది. ఆ వేడి డీపీఎఫ్‌ను కొలిమిగా మారుస్తుంది.

వేడి చాలకపోతే మసి కాలదు, డీజిల్ మాత్రం ఖర్చవుతుంది. మితిమీరి వెయ్యి డిగ్రీలు దాటితే పింగాణీయే పగలవచ్చు, కరగవచ్చు. ఈ రెండు అంచుల మధ్య బండిని నడపడానికే పొగగొట్టం పొడవునా ఉష్ణోగ్రత సెన్సార్లు పెట్టారు. సాధారణంగా టర్బోకు (పొగ తోపుతో తిరుగుతూ ఇంజిన్‌లోకి గాలిని కుక్కే పరికరానికి) ముందు ఒకటి, కేటలిస్టుకూ డీపీఎఫ్‌కూ మధ్య ఒకటి, డీపీఎఫ్ తర్వాత మరొకటి ఉంటాయి. నైట్రోజన్ ఆక్సైడ్లను తగ్గించడానికి యూరియా ద్రావణం చల్లే ఎస్‌సీఆర్ అనే ఏర్పాటు ఉన్న బండ్లలో దాని దగ్గర ఇంకోటి ఉంటుంది. మోడల్‌ను బట్టి రెండు నుంచి ఐదు దాకా ఉండవచ్చు.

మొదట్లో చెప్పిన కథ ముడి ఇక్కడే విడివడుతుంది. వీటిలో ఒక్కదాని మాట నమ్మలేకపోయినా కంప్యూటర్ రీజెనరేషన్ ఆపేస్తుంది. ఎంత మండుతోందో తెలియనప్పుడు మంట పెట్టకపోవడం సబబే. మసి మాత్రం రోజూ చేరుతూనే ఉంటుంది. కొన్ని వందల కిలోమీటర్ల తర్వాత డీపీఎఫ్ నిండిపోతుంది, కంప్యూటర్ ఇంజిన్ శక్తిని తగ్గిస్తుంది, అప్పుడు అందరి చూపూ డీపీఎఫ్ మీద పడుతుంది. పాపం దానికి వచ్చిన జబ్బేమీ లేదు, శుభ్రం చేసే మనిషి రాక నిండిపోయిన చెత్తబుట్ట అది.

చిన్న కడ్డీలో ఏముంది

బయటికి అన్నీ ఒకేలా కనిపిస్తాయి. ఉక్కు తొడుగున్న సన్నని కడ్డీ, బిగించే నట్టు, వేడికి తట్టుకునే తీగ, చివర బండి తీగలతో కలిపే ప్లాస్టిక్ కప్లర్. లోపల మాత్రం మూడు వేర్వేరు జాతులున్నాయి. వీటిని కలగాపులగం చేయడం వల్లే సగం తప్పు నిర్ణయాలు జరుగుతాయి.

కార్లలో బాగా వాడుకలో ఉన్నది ప్లాటినం రకం. వేడి పెరిగితే దీని విద్యుత్ నిరోధం పెరుగుతుంది. ‘పీటీ200’ అనే రకానికి సున్నా డిగ్రీల దగ్గర 200 ఓమ్‌లు ఉంటాయి, 30 డిగ్రీలకు దాదాపు 223, వంద డిగ్రీలకు 275, 600 డిగ్రీలకు 617 ఓమ్‌లు అవుతాయి.

రెండోది ఎన్‌టీసీ థర్మిస్టర్, దీని స్వభావం తలకిందులు. వేడెక్కేకొద్దీ నిరోధం తగ్గుతుంది. చల్లగా ఉన్నప్పుడు అది ఎంత ఎక్కువగా ఉంటుందంటే, మామూలు మల్టీమీటర్ చిన్న రేంజిలో పెట్టి చూస్తే తీగ తెగిపోయినట్టే చూపిస్తుంది. మంచి సెన్సార్లు ఎన్నో ఈ ఒక్క కారణంతో చెత్తలోకి వెళ్తుంటాయి.

మూడోది థర్మోకపుల్. రెండు వేర్వేరు లోహాల అతుకు వేడెక్కితే పుట్టే అతి చిన్న వోల్టేజిని ఇది కొలుస్తుంది. ‘కే’ రకం అయితే 600 డిగ్రీల తేడాకు వచ్చేది 25 మిల్లీవోల్టులే. అందుకే వీటితో పాటు ఒక చిన్న ఎలక్ట్రానిక్ పెట్టె వస్తుంది, అది ఉష్ణోగ్రతను అంకెల సందేశంగా మార్చి కంప్యూటర్‌కు పంపుతుంది. అలాంటి బండిలో ఓమ్ మీటర్ పట్టుకుని తిరగడం వల్ల ఏమీ తేలదు. మీటర్ చేతికి తీసుకునే ముందు మీ బండిలో ఉన్నది ఏ జాతో సర్వీస్ మాన్యువల్‌లో చూడడం అందుకే అవసరం.

‘హై’ అంటే వేడి ఎక్కువని కాదు

ప్లాటినం రకాన్నే తీసుకుని కంప్యూటర్ ఎలా కొలుస్తుందో చూద్దాం. కంప్యూటర్ తన దగ్గరున్న 5 వోల్టులను ఒక స్థిరమైన నిరోధం గుండా సెన్సార్‌కు పంపుతుంది. లెక్క తేలిక కోసం ఆ నిరోధం 1000 ఓమ్‌లు అనుకుందాం. సెన్సార్ దగ్గర మిగిలే వోల్టేజిని కొలిచి, దానినుంచి ఉష్ణోగ్రతను రాబడుతుంది.

బండి చల్లగా 30 డిగ్రీల దగ్గర ఉంటే సెన్సార్ 223 ఓమ్‌లు. మొత్తం 1223లో దాని వాటాగా 5 వోల్టులలోంచి 0.91 వోల్టు వస్తుంది. 600 డిగ్రీల దగ్గర 1617లో 617 వాటా, అంటే 1.91 వోల్టులు. ఆరోగ్యంగా ఉన్న సెన్సార్ ఆట అంతా ఇంచుమించు 0.8కీ 2.3కీ మధ్యనే సాగుతుందన్నమాట.

ఇప్పుడు తీగ తెగిందనుకోండి. కరెంటు పారదు, కాబట్టి కంప్యూటర్‌కు పూర్తి 5 వోల్టులు కనిపిస్తాయి. తీగ బండి బాడీకి తగిలి షార్ట్ అయితే సున్నా కనిపిస్తుంది. మొదటిది ‘సర్క్యూట్ హై’ కోడ్, రెండోది ‘సర్క్యూట్ లో’ కోడ్. ఒకటో సెన్సార్‌కు ఇవి పీ0546, పీ0545. రెండోదానికి పీ2033, పీ2032. మూడోదానికి పీ242డీ, పీ242సీ. ఇక్కడ హై, లో అన్నవి వోల్టేజిని గురించి చెప్పే మాటలు. ‘పీ2033 వచ్చింది, అంటే పొగ బాగా వేడెక్కింది’ అని అర్థం చేసుకుంటే దారి తప్పినట్టే.

ఇంకో మెలిక ఉంది. తీగ తెగి 5 వోల్టులు కనిపించినప్పుడు ప్లాటినం బండి స్కానర్‌లో వెయ్యి డిగ్రీలకు పైగా చూపవచ్చు. ఎన్‌టీసీ బండిలో అదే తెగిన తీగ అతి చల్లదనంగా కనిపిస్తుంది, ఎందుకంటే అక్కడ ఎక్కువ నిరోధం అంటే చలి. కొన్ని కంప్యూటర్లు ఇంకా ముదురు. లోపం పట్టుకోగానే అసలు రీడింగును పక్కన పెట్టి, తమకు తోచిన ఒక అంకెను తెర మీద నిలబెడతాయి. తెర మీద అంకె ఎంతకూ కదలడం లేదంటే అది కొలిచినది కాకపోవచ్చు.

కోడ్‌లో ‘సర్క్యూట్’ అన్న మాట ఉందంటే సెన్సార్, కప్లర్, తీగ, కంప్యూటర్ పిన్ను అన్నీ అనుమానితులే. పొగగొట్టం పక్కన తీగ బతుకు ఎలా ఉంటుందో ఊహించడం కష్టం కాదు. పైన వేడి, కింద వాననీరు, పొద్దస్తమానం కుదుపు. కొన్నాళ్లు కదలకుండా షెడ్డులో నిలబెట్టిన బండి అయితే ఎలుకలను కూడా జాబితాలో చేర్చాలి.

కోడ్ రాని అబద్ధం: 40 ఓమ్‌ల కథ

తెగిన తీగ కనీసం అరిచి చెబుతుంది. అసలు తంటా గుసగుసలాడే లోపంతో. కప్లర్‌లోకి నీరు చేరి పిన్నుల మీద పచ్చటి తుప్పు పట్టిందనుకుందాం. దానివల్ల 40 ఓమ్‌ల అదనపు నిరోధం వచ్చి చేరింది. సెన్సార్‌కు ఏమీ కాలేదు.

చల్లటి బండిలో 223కు 40 కలిస్తే 263. కంప్యూటర్ దాన్ని 83 డిగ్రీలుగా చదువుతుంది. బయట ఉన్నది 30. అయినా 83 అన్నది పొగగొట్టంలో ఉండదగిన అంకే కదా, చాలా సందర్భాల్లో కంప్యూటర్ పెద్దగా పట్టించుకోదు.

తర్వాత రీజెనరేషన్ మొదలవుతుంది. కంప్యూటర్ లక్ష్యం 600 డిగ్రీలు, అంటే తనకు 617 ఓమ్‌లు కనిపించేదాకా డీజిల్ చిమ్ముతుంది. అందులో 40 తుప్పుది. సెన్సార్ వాటా 577 మాత్రమే. నిజమైన వేడి 537 డిగ్రీల దగ్గర ఆగిపోతుంది. తెర మీద 600 అని ఉంటుంది, లోపల మసి నింపాదిగా, అరకొరగా కాలుతుంది. పావుగంటలో అవ్వాల్సిన పని సాగుతుంది, పూర్తికాకుండానే ఇల్లు వచ్చి యజమాని ఇంజిన్ ఆపేస్తాడు, మళ్లీ మర్నాడు మొదలు. మైలేజీ తగ్గుతుంది. ఆలస్యంగా చిమ్మిన డీజిల్‌లో కొంత సిలిండర్ గోడల వెంట జారి ఇంజిన్ ఆయిల్‌లో కలుస్తుంది కాబట్టి, డిప్‌స్టిక్ (ఆయిల్ మట్టం చూసే కడ్డీ) మీద ఆయిల్ తగ్గాల్సింది పోయి పెరుగుతుంది. ఇంత జరిగినా దీపం వెలగకపోవచ్చు. వెలిగిన రోజున అది చెప్పేది డీపీఎఫ్ నిండిందనే.

ఇదే లోపం ఎదురు దిక్కుగా ఉంటే ప్రమాదం మరింత పెద్దది. వయసు మీదపడి సెన్సార్ ఉన్నదానికంటే తక్కువ వేడి చూపిస్తే కంప్యూటర్ ఇంకా ఇంకా డీజిల్ చిమ్ముతుంది. పింగాణీ పగుళ్ల వెనక ఒక్కోసారి ఉండే కారణం ఇదే.

రాత్రంతా నిలిపిన బండి చెప్పే సాక్ష్యం

ఇలాంటి గుసగుసలను పట్టే పరీక్ష చాలా చవకైనది, మంచి మెకానిక్కులు మొదట చేసేదీ ఇదే. రాత్రంతా కదలని బండిలో పొద్దున్నే ఇంజిన్ స్టార్ట్ చేయకుండా, తాళం మాత్రం తిప్పి స్కానర్‌లో లైవ్ రీడింగులు చూస్తారు. ఇంజిన్ నీళ్లు, లోపలికి పోయే గాలి, పొగగొట్టంలోని సెన్సార్లు అన్నీ వాతావరణానికి దగ్గరగా, ఒకదానికొకటి పది పదిహేను డిగ్రీల లోపు తేడాలో ఉండాలి. మే నెలలో రామగుండంలో అన్నీ 32 దగ్గర ఉండవచ్చు, డిసెంబరులో అరకులో 10 దగ్గర ఉండవచ్చు. అంకె ఎంతన్నది ముఖ్యం కాదు, అందరూ ఒకే మాట చెప్పడం ముఖ్యం.

నీళ్లు 27, గాలి 28, టర్బో ముందు 29, డీపీఎఫ్ ముందు 81, డీపీఎఫ్ తర్వాత 28 అని కనిపించాయనుకుందాం. ఎవరు అబద్ధం చెబుతున్నారో తెలిసిపోయింది. ఆ అబద్ధం సెన్సార్‌లో పుట్టిందా, తీగలో పుట్టిందా అన్నది ఇంకా తెలియదు. దానికి ఎలక్ట్రానిక్ సామాను దుకాణంలో రూపాయల్లో దొరికే 220 ఓమ్‌ల రెసిస్టర్ చాలు. సెన్సార్ కప్లర్ విప్పి, బండి వైపు పిన్నుల మధ్య దాన్ని పెడితే పీటీ200 బండి 26 డిగ్రీలు చూపించాలి. చూపించిందంటే అక్కడి నుంచి కంప్యూటర్ దాకా దారి బాగుంది, తప్పు సెన్సార్‌ది లేదా దాని పిన్నులది. అప్పుడూ 80 చుట్టుపక్కలే ఉంటే కొత్త సెన్సార్ కొనడం దండగ, తీగ వెంట వెతకాలి. అంకెలు చూస్తూ తీగను చేత్తో మెల్లగా కదిపితే ఎక్కడ గంతులేస్తుందో అక్కడే లోపం. మొదటి కథలోని కొత్త సెన్సార్ వారంలో ‘పోవడానికి’ ఎక్కువగా ఉండే కారణం ఇలాంటి తీగే.

ఇంజిన్ నడిచాక వరుస చూడాలి. ముందు టర్బో దగ్గర, తర్వాత డీపీఎఫ్ ముందు, చివరకు డీపీఎఫ్ తర్వాత వేడి పెరగాలి. పింగాణీ దిమ్మ వేడెక్కడానికి సమయం పడుతుంది కాబట్టి చివరిది నిమిషాలు వెనకబడడం సహజం. రీజెనరేషన్ మధ్యలో డీపీఎఫ్ తర్వాతి అంకె ముందుదాన్ని మించడం కూడా మామూలే, లోపల మసి కాలుతున్న వేడి అది. దాన్ని చూసి వెనక సెన్సార్‌ను దోషిని చేయకూడదు.

కొన్నిసార్లు సెన్సార్ నిజమే చెబుతుంది. టర్బో తర్వాతి గాలి గొట్టం చిట్లినా, ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోయినా ఇంజిన్‌కు గాలి తగ్గి పొగ వేడెక్కుతుంది. ఇంజెక్టర్ కారితే అదనపు డీజిల్ పొగగొట్టంలో మండుతుంది. జ్వరం చూపిందని థర్మామీటర్‌ను మార్చేవాళ్లు ఇళ్లలో ఉండరు, వర్క్‌షాపుల్లో ఉంటారు.

మార్చడంలో అసలు కష్టం మర దగ్గర

సెన్సారే పోయిందని తేలితే, పని పేరుకు అరగంటది. కప్లర్ విప్పి, నట్టు తిప్పి, కొత్తది బిగించడమే. ఐతే ఏళ్ల తరబడి వందల డిగ్రీల్లో ఎర్రగా కాలి చల్లారిన మర, పొగగొట్టంతో ఒక్కటైపోతుంది. బలం పెడితే నట్టు విరిగి మర లోపలే ఉండిపోవచ్చు, లేదా గొట్టం వైపు మరే ఊడిరావచ్చు. అప్పుడు డీపీఎఫ్ మొత్తం దించి మర మళ్లీ కోయించాలి. చార్జీ అంచనాల్లో కనిపించే తేడాలు చాలావరకు ఈ ఒక్క రిస్కుకే. అందుకే అనుభవజ్ఞులు ముందురోజే తుప్పు వదిలించే నూనె పోసి నానబెడతారు, తీగ దూరేలా పక్కన చీలిక ఉన్న ప్రత్యేక సాకెట్ వాడతారు, మామూలు పానాతో కుస్తీ పట్టరు.

కొత్తదాని మరకు వేడికి తట్టుకునే నికెల్ లేదా సెరామిక్ పేస్టు కొద్దిగా రాస్తారు. చాలా సెన్సార్లు దాన్ని రాసే వస్తాయి. కొనకు మాత్రం అంటకూడదు, అంటితే రీడింగు మందగిస్తుంది. బిగింపు ఎంతన్నది మాన్యువల్ అంకె ప్రకారమే, ఎందుకంటే వదులైతే పొగ కారుతుంది, ఎక్కువైతే వచ్చేసారి మర ఊడుతుంది.

ఎడతెగని మూడు వాదనలు

ఒకటి పోతే అన్నీ మార్చాలా? ‘అన్నీ ఒకే వయసువి, మళ్లీ మళ్లీ విప్పే కూలీ దండగ’ అన్నది ఒక వాదన. డీపీఎఫ్ ఎలాగూ దించిన సందర్భంలో అందులో అర్థం ఉంది. మిగతా సందర్భాల్లో బాగున్న సెన్సార్‌ను విప్పడమంటే మర విరిగే అవకాశాన్ని కొని తెచ్చుకోవడమే. పొద్దుటి పరీక్షలో నిజం చెబుతున్నవాటి జోలికి వెళ్లకపోవడమే నాకు సబబనిపిస్తుంది.

కంపెనీదా, బయటిదా? కార్ల కంపెనీలు ఈ సెన్సార్లను చాలావరకు తామే తయారు చేయవు. అసలు తయారీదారు సొంత పెట్టెలో అమ్మే అదే వస్తువు తక్కువకు దొరుకుతుందన్న మాట నిజమే. పేరు లేని చవక సరుకుతో ఇబ్బంది ఏమిటంటే అది సరిపోయినట్టే బిగుస్తుంది, కప్లర్ కూడా కూర్చుంటుంది, వేడికి తగ్గట్టు లోపలి నిరోధం మారే తీరు మాత్రం వేరుగా ఉండవచ్చు. 40 ఓమ్‌ల తేడా ఏం చేస్తుందో పైన చూశాం.

మూడోది, ‘సెన్సార్ తలనొప్పి ఎందుకు, డీపీఎఫ్‌నే తీసేసి ప్రోగ్రాం మార్పిద్దాం’ అనే బేరం. నగరంలో పొట్టి దూరాలు తిరిగే యజమాని విసుగు అర్థం చేసుకోదగినదే, అతని వాడకానికి డీపీఎఫ్ నిజంగానే సరిపడదు. కాని తయారీదారు నిర్దేశాలకు భిన్నంగా బండిని మార్చడాన్ని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఒప్పుకోదు. పొల్యూషన్ సర్టిఫికెట్ కేంద్రంలో డీజిల్ బండికి చూసేది పొగ చిక్కదనాన్నే కాబట్టి అక్కడ దొరక్కపోవచ్చు, కంటికి కనిపించని సన్నని కణాలు మాత్రం వెనకవాడి ఊపిరితిత్తుల్లోకి వెళ్తూనే ఉంటాయి. సెన్సార్ బదులు రెసిస్టర్‌ను శాశ్వతంగా అతికించే చిట్కా ఇంకా అధ్వానం. పరీక్షకు పనికొచ్చిన ఆ 220 ఓమ్‌లే అక్కడ ఉండిపోతే, కొలిమి మండుతున్నా కంప్యూటర్‌కు 26 డిగ్రీలే కనిపిస్తాయి.

కొత్త సెన్సార్ తర్వాత

కోడ్ చెరిపేస్తే దీపం ఆరుతుంది, డీపీఎఫ్‌లో పేరుకున్న మసి అలాగే ఉంటుంది. మరీ నిండకపోతే అవుటర్ రింగ్ రోడ్డు లాంటి చోట అరగంట ఏకధాటిగా నడిపితే కారే కాల్చుకుంటుంది. ఎక్కువైతే వర్క్‌షాపులో నిలిపి ఉంచి స్కానర్‌తో కాల్పిస్తారు. అప్పుడు పొగగొట్టం కింద ఎండుగడ్డి, ఆకులు ఉండకూడదు.

ఆ సమయంలో తెర చూస్తే డీపీఎఫ్ ముందు అంకె 600 దాకా ఎక్కి నిలబడాలి, వెనకది కాస్త ఆలస్యంగా దాన్ని అందుకోవాలి, మసి అంచనా, డీపీఎఫ్‌కు ముందూ వెనకా పీడనంలో తేడా రెండూ దిగాలి. మసి కాలినా ఇంజిన్ ఆయిల్ మిగిల్చే బూడిద కాలదు, కాబట్టి లక్ష కిలోమీటర్లు దాటిన బండిలో కొంత అడ్డు మిగలవచ్చు. సరైన వేడిలో పూర్తిగా కాల్చిన తర్వాత కూడా పీడనం దిగకపోతే, డీపీఎఫ్ గురించి మాట్లాడే సమయం అప్పుడు వచ్చినట్టు.